అంత్యదినాల లెక్క మన సంఘాల్లోకి వచ్చిన దారి

కరోనా లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైంది. జూన్ 8న ప్రార్థనా మందిరాలు మళ్లీ తెరుచుకునే దాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంఘాల్లో ఆదివారం ఆరాధన ఫోన్లలోకి చేరింది. ఏప్రిల్ 12న ఈస్టరు కూడా అలాగే గడిచింది. ఇక్కడి మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల మీదే చిక్కుకుపోయారు. ఆ రోజుల్లో విశ్వాసుల ఫోన్ల నిండా మత్తయి 24, ప్రకటన 6, 13 అధ్యాయాల మీద ప్రసంగాలు తిరిగాయి. అదే సమయానికి పొరుగింటి ఫోన్లలో పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞానంలోని కోరంకి జబ్బు మాట తిరిగింది. కీడు మీద పడినప్పుడు దాని పేరు పాత మాటల్లో వెతుక్కోవడం ఏ ఒక్క మతం వారి అలవాటో కాదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం, 2023 అక్టోబరులో గాజా, 2025 జూన్‌లో ఇరాన్ మీద దాడులు వచ్చేసరికి అవే ప్రసంగాలు దేశాల పేర్లు మార్చుకుని మళ్లీ వచ్చాయి.

ఉజ్జీవ సభల్లో వినే పథకం మనకు కంఠతా వచ్చు. ముందు సంఘం, అంటే విశ్వాసులంతా, రహస్యంగా ఆకాశానికి ఎత్తబడుతుంది. తర్వాత ఏడేండ్ల శ్రమలు. అందులో మొదటి మూడున్నరేళ్లు క్రీస్తు విరోధి ఒప్పందంతో నెమ్మదిగా సాగి, మిగతా మూడున్నరేళ్లు మహాశ్రమగా మారతాయి. ఆపైన హర్మగిద్దోను యుద్ధం, వెయ్యేండ్ల పరిపాలన, ధవళ సింహాసనపు తీర్పు. ఇవన్నీ బైబిల్లో ఉన్నవే, కానీ ఈ వరుసలో ఒక్క చోట లేవు. ఎత్తబడుట 1 థెస్సలొనీకయులు 4లో ఉంది. ఏడేండ్లు దానియేలు 9లోని డెబ్బది వారముల్లో చివరి వారం. 42 నెలలు, 1260 దినములు ప్రకటన 11, 12, 13 అధ్యాయాల్లో కనిపిస్తాయి. వెయ్యేండ్లు ప్రకటన 20లో మాత్రమే. వీటిని ఒక దండగా గుచ్చింది 19వ శతాబ్దపు బోధకులు. ఈ సంగతి తెలియని విశ్వాసికి పథకం మీద సందేహం వస్తే వాక్యం మీదే సందేహం వచ్చినట్టు అనిపిస్తుంది. ఆ బరువు అతని మీద పెట్టడం తప్పు.

మొదటి మూడు శతాబ్దాల్లో బిషపు ఐరేనియస్ వంటివారు వెయ్యేండ్ల రాజ్యం భూమి మీదే అక్షరాలా వస్తుందని నమ్మారు. అయితే సంఘం శ్రమలకు ముందే తప్పించబడుతుందని చెప్పలేదు, శ్రమపడే తీరుతుందన్నారు. 5వ శతాబ్దంలో అగస్టిన్ ఆ వెయ్యేండ్లను సంఘ కాలానికి గుర్తుగా చదివాడు. కతోలిక సంఘం నేటికీ ఆ దారినే ఉంది. భూమి మీద క్రీస్తు దృశ్యంగా ఏలుతాడనే బోధ క్షేమం కాదని రోము 1944లో కూడా చెప్పింది. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 17వ అంశం కూడా, పునరుత్థానానికి ముందు భక్తులు లోకరాజ్యం ఏలుతారనే బోధను తోసిపుచ్చింది. సాలూరు, పార్వతీపురం వైపు బ్రెక్లం మిషను నాటిన లూథరన్ సంఘాల్లోనూ, శ్రీకాకుళం కతోలిక మేత్రాసనంలోనూ క్రీస్తు రాకడ బోధ వేరే స్వరంలో వినిపించడానికి మూలం ఇదే. ఒకే ఊళ్లో రెండు సంఘాలు ప్రకటన గ్రంథాన్ని రెండు రకాలుగా చదువుతుంటే, వారిలో ఒకరు వాక్యాన్ని విడిచిపెట్టారని అర్థం కాదు.

విశాఖపట్నంలో 1805లో దిగిన లండన్ మిషనరీ సొసైటీ వారి తరానికి ఇంకో ఆశ ఉండేది. సువార్త లోకమంతా వ్యాపించి మంచి కాలం వస్తుందని, ఆ తర్వాతే క్రీస్తు తిరిగి వస్తాడని వారిలో ఎక్కువమంది తలపు. బడులు పెట్టడం, సువార్తలను తెలుగులోకి తేవడం ఆ ఆశతోనే మొదలయ్యాయి.

ఇప్పుడు వినే పథకం వేరే కష్టకాలంలో పుట్టింది. ఫ్రెంచి విప్లవం తర్వాత 1798లో నెపోలియన్ సైన్యాలు రోములో పోపును బందీ చేశాయి. పోపు అధికారం 538లో మొదలైందనుకుని, ప్రకటన గ్రంథపు 1260 దినాలను ఏళ్లుగా కలిపితే సరిగ్గా 1798 వస్తుందని ఇంగ్లండులో ప్రవచన పఠనం ఊపందుకుంది. 1831 నుంచి ఐర్లండులో పవర్స్‌కోర్ట్ ఇంట జరిగిన కూడికల్లో జాన్ నెల్సన్ డార్బీ ఇశ్రాయేలు వేరు, సంఘం వేరు అనే విభజన మీద తన బోధ కట్టుకుంటూ వచ్చాడు. శ్రమలకు ముందే రహస్య రాకడ అందులో ముఖ్యమైన ముడి. డార్బీ తిరిగిన బ్రదరెన్ వలయం (పాదరీ పదవి లేకుండా సోదరులుగా కూడుకునే విశ్వాసులు) నుంచే ఆంథొని నోరిస్ గ్రోవ్స్ 1836లో బౌడెన్, బీర్ కుటుంబాలను వెంటబెట్టుకుని వచ్చాడు. వారు నరసాపురం చుట్టూ గోదావరి డెల్టా మిషనుకు పునాది వేశారు. ఆ బోధ మొదలైన పదేళ్ల లోపే ఆ వలయం మనుషులు తెలుగు నేల మీద ఉన్నారన్నమాట.

ఉత్తరాంధ్రకు ఇంకో దారి కెనడా నుంచి. ఆ దేశపు తూర్పు తీరపు బాప్టిస్టులు 1875లో ఇటు మళ్లి భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలిలో స్టేషన్లు పెట్టారు. అదే కెనడాలో, ఒంటారియో రాష్ట్రపు నయాగరాలో 1883 నుంచి ఏటా జరిగిన బైబిలు కూడికలు డార్బీ తరహా రాకడ బోధను ఉత్తర అమెరికా అంతటా చేర్చాయి. 1909లో అమెరికా బోధకుడు స్కోఫీల్డ్ వ్యాఖ్యల బైబిలు వచ్చాక పథకం వచనాల కిందే అచ్చయింది. పైన వాక్యం, కింద వ్యాఖ్య ఒకే పుటలో ఉండడంతో రెండింటికీ ఒకే అధికారం వచ్చిపడింది. తెలుగులో 1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు స్థాపించిన బైబిలు మిషను రాకడకు సిద్ధపడడాన్ని ప్రార్థనలో నిత్యపు అంశంగా చేసింది. 1948 మే 14న ఇశ్రాయేలు దేశం ఏర్పడడం, 1967లో యెరూషలేము వారి చేతికి రావడం చూసి, పథకం కళ్లెదుట నెరవేరుతోందని బోధకులు నమ్మారు.

లెక్కలు ఎక్కడ తప్పుతాయో చూద్దాం. దానియేలు 8లోని 2300 దినములను అమెరికాలో విలియం మిల్లర్ 2300 సంవత్సరాలుగా తీసుకున్నాడు. దినానికి ఏడాది అనే సూత్రానికి సంఖ్యాకాండము 14:34, యెహెజ్కేలు 4:6 ఆధారం. క్రీ.పూ. 457 నుంచి లెక్కిస్తే 1843. క్రీస్తుపూర్వానికీ క్రీస్తుశకానికీ మధ్య సున్నా సంవత్సరం లేదు కాబట్టి దాన్ని 1844గా సవరించారు. చివరికి క్రీస్తు అక్టోబరు 22న వస్తాడన్నారు. పంటలు కోయకుండా వదిలేసినవారున్నారు. అంకెల కూడికలో తప్పు లేదు. తప్పు రెండు ఎంపికల్లో ఉంది: దినాన్ని ఏడాది చేయడం, మొదలుపెట్టే తేదీని తామే ఎంచుకోవడం. 1260నే పోపు అధికారం క్రీ.శ. 606లో మొదలైందనుకుని కలిపితే 1866 వస్తుంది. ఆ ఏడాది మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు. అప్పటికి గంజాం జిల్లాలో భాగమైన శ్రీకాకుళం ప్రాంతాన్ని 1866లోనే ఘోరమైన కరువు కాల్చింది. కావాలనుకుంటే ఆ రెండింటినీ ముడిపెట్టి అచ్చువేయవచ్చు. ముడి ఎంత బిగువుగా కనిపించినా అంతం మాత్రం రాలేదు.

రాబర్ట్ ఆండర్సన్ లెక్క మన సభల్లో నేటికీ వినిపిస్తుంది. ఆయన లండన్ పోలీసు విభాగంలో పెద్ద అధికారి. దానియేలు 9లో యెరూషలేమును మళ్లీ కట్టే ఆజ్ఞ నుంచి మెస్సీయ దాకా చెప్పిన 69 వారములంటే 483 ఏళ్లు. ఏడాదికి 360 రోజుల చొప్పున 1,73,880 రోజులు. క్రీ.పూ. 445 మార్చి 14న మొదలై క్రీ.శ. 32 ఏప్రిల్ 6న ముగుస్తాయన్నాడు. యూదులు అవసరమైన సంవత్సరంలో పదమూడో నెల కలిపి పంచాంగాన్ని ఋతువులతో సరిచేసుకునేవారు. శతాబ్దాల తరబడి 360 రోజుల ఏడాదితో బతకలేదు. సిలువ సంవత్సరం 30 గానీ 33 గానీ అని ఎక్కువమంది పండితుల మాట. ఇక 69వ వారానికీ 70వ వారానికీ నడుమ రెండు వేల ఏళ్ల విరామం ఉందన్నది ఒక ఊహ మాత్రమే, ఆ అధ్యాయం దాన్ని చెప్పదు. ఈ మూడు సంగతులు చెప్పకుండా లెక్కను బోర్డు మీద రాస్తే వినేవారికి అన్యాయం జరుగుతుంది.

1948కి ఒక తరం, అంటే నలభై ఏళ్లు కలిపి 1988 సెప్టెంబరులో సంఘం ఎత్తబడుతుందన్నాడు నాసా మాజీ ఇంజినీరు ఎడ్గర్ విజనెంట్. దక్షిణ కొరియాలో లీ జాంగ్ రిమ్ 1992 అక్టోబరు 28 అన్నాడు. నమ్మినవారు ఉద్యోగాలు మానేశారు, ఆస్తులు అమ్మి కానుకలిచ్చారు. తర్వాత మోసం కేసులో శిక్షపడిన ఆ బోధకుడి దగ్గర ఆ తేదీ దాటాక గడువు తీరే బాండ్లు దొరికాయి. తేదీ చెప్పేవారి సొంత డబ్బు ఏ తేదీని నమ్ముతోందో అడగడంలో అవిశ్వాసం ఏమీ లేదు.

తేదీలు చెప్పనివారు శత్రువుల పేర్లు చెబుతారు. యెహెజ్కేలు 38లోని గోగు ఎవరు? 378 ప్రాంతంలో గోతు తెగలు రోము మీద పడుతుంటే మిలాను బిషపు అంబ్రోస్ గోతులే అన్నాడు. 13వ శతాబ్దంలో తాతారులన్నారు. 1529లో తురుష్కులు వియన్నాను ముట్టడించినప్పుడు లూథర్ తురుష్కులన్నాడు. 19వ శతాబ్దం నుంచి రష్యా. అదే అధ్యాయంలో పారసీకుల పేరు కూడా ఉంది కాబట్టి ఇప్పుడు ఇరాన్ చేరింది. వచనం కదలలేదు, భయం ఎటు నుంచి వస్తే వేలు అటు తిరిగింది.

మృగము ముద్ర సంగతి మనకు దగ్గరిది. 1974లో దుకాణాల్లోకి వచ్చిన బార్‌కోడ్, 2010లో మొదలైన ఆధార్, 2021 జనవరి 16న మొదలైన కరోనా టీకా, ఒక్కోదాన్ని ఒక్కొక్కరు 666 అన్నారు. ప్రకటన 13లో ఆ ముద్ర ఆరాధనతో కలిసే వస్తుంది: మృగానికి మొక్కినవాడికే ముద్ర. తెలియక వేయించుకుంటే అంటుకునేదిగా వాక్యం దాన్ని చూపించదు. ప్రకటన గ్రంథం మొదట చేరిన ఆసియా (నేటి పశ్చిమ తుర్కియే) సంఘాల ఊళ్లలో చక్రవర్తి గుడులుండేవి, పెర్గములో క్రీ.పూ. 29లోనే కట్టడానికి అనుమతి దొరికింది. నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి కూడితే 50, 200, 6, 50, 100, 60, 200 కలిపి 666. ఆఖరి నకారం వదిలేస్తే 616. కొన్ని ప్రాచీన ప్రతుల్లో ఆ అంకే ఉంది. 616 తప్పు ప్రతి అని ఐరేనియస్ చెప్పి, ఆ సంఖ్యకు సరిపోయే పేర్లు చాలా దొరుకుతాయి గనుక తొందరపడి పేరు పెట్టొద్దని 180 ప్రాంతంలోనే హెచ్చరించాడు. టీకా ముద్ర అని విని ఆగిపోయిన అరవై ఏళ్ల షుగరు రోగికి కలిగే నష్టం నిజమైనది. ఆ మాట వేదిక మీద నుంచి వచ్చిందంటే దాన్ని సరిదిద్దాల్సిందీ వేదిక మీద నుంచే.

ప్రకటన 6లో కరువుకు గుర్తైన నల్ల గుర్రం గురించి మన సభల్లో తక్కువ మాట్లాడతారు. నిజానికి మన జిల్లాలకు అది ఎక్కువ అర్థమవుతుంది. ప్రకటన 6:6లో దేనారమునకు ఒక సేరు గోధుమలు, మూడు సేర్ల యవలు. దేనారం కూలివాడి ఒక రోజు కూలి అని మత్తయి 20 చెబుతుంది. గ్రీకు కొలత దాదాపు ఒక లీటరు, ఒక మనిషి ఒక రోజు తిండి. మామూలు రోజుల్లో అదే డబ్బుకు 8 నుంచి 16 రెట్లు గింజలు వచ్చేవని అంచనా. అంటే కూలివాడు పనిచేస్తే తన కడుపు మట్టుకే నిండుతుంది, ఆలుబిడ్డలు యవలు తినాలి. నూనెకు, ద్రాక్షారసానికి మాత్రం ఏమీ కాకూడదు. భాగ్యవంతుడి సరుకు భద్రంగా ఉండి పేదవాడి గింజ అందకపోవడాన్ని ఆ దర్శనం వేలెత్తి చూపుతోంది. దీన్ని రాబోయే ఏడేళ్లకు నెట్టేస్తే, లాక్‌డౌన్‌లో ఇంటికి నడిచిన వలస కూలీ గురించి ప్రకటన గ్రంథానికి చెప్పడానికి ఏమీ లేదన్నట్టవుతుంది.

భూకంపాలు పెరిగాయనే మాట కూడా సరిచూడాలి. 1931లో ప్రపంచంలో భూకంపాలు నమోదు చేసే కేంద్రాలు సుమారు 350. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. చిన్నవి ఎక్కువ కనిపిస్తాయి. 7కు మించిన తీవ్రత గలవి సగటున ఏడాదికి 15, 16 దగ్గరే ఉంటూ వస్తున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ కొట్టినప్పుడు సూచనలన్నారు. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. యుద్ధములు, కరవులు, భూకంపములు చెప్పాక యేసు ఇవి వేదనలకు ప్రారంభమని, కలవరపడొద్దని, అంతము వెంటనే రాదని చెప్పినట్టు మత్తయి 24:6–8లో ఉంది. కరపత్రాల్లో ఆ సగం రాలిపోతుంటుంది.

రాకడ దగ్గరలో ఉందని గట్టిగా నమ్మినవారంతా చేతులు ముడుచుకోలేదు. థెస్సలొనీకలో కొందరు పని మానేస్తే, పని చేయనొల్లనివాడికి భోజనం లేదని పౌలు రాశాడు. అంతం సమీపమేనని లూథర్ నమ్మకం. అయినా 1527లో విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చి విశ్వవిద్యాలయం యేనాకు తరలిపోతే ఆయన రోగుల దగ్గరే నిలిచాడు. ఇంటికి పొగ వేస్తానని, మందు పుచ్చుకుంటానని, పనిలేని చోటుకు వెళ్లనని రాశాడు. మన సోంపేటలో కెనడా బాప్టిస్టుల ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గులిసన్ చేసిన కంటి ఆపరేషన్ల కోసం 1963లో కెనడాలో మొదలైన సహాయమే ఆపరేషన్ ఐసైట్ సంస్థగా ఎదిగింది.

సభలు పెట్టే సంఘాలు ప్రసంగీకుణ్ని ఖాయం చేసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగడం మేలు. తేదీ గానీ తరం గానీ చెబుతారా? బతికున్న మనిషిని గానీ మందును గానీ మృగంగా పేరు పెడతారా? మీ పథకాన్ని నమ్మని క్రైస్తవులు ఉన్నారని చెబుతారా? మూడు రాత్రుల సభ అయితే మొదటి రాత్రి ప్రకటన 2, 3 అధ్యాయాలతో మొదలుపెట్టాలి. ఎఫెసు నుంచి లవొదికయ దాకా ఆ ఏడు సంఘాలు నేటి తుర్కియేలో నిజంగా ఉన్న ఊళ్లు. రెండో రాత్రి 4, 5, 6 అధ్యాయాలు. మూడో రాత్రి 13 చదివితే వెంటనే 14:1 కూడా చదవాలి. అక్కడ గొఱ్ఱెపిల్ల పేరు నొసట ఉన్నవారు కనిపిస్తారు. ముద్రకు భయపడి వచ్చినవారు ఆ వచనం వినకుండా ఇంటికి పోకూడదు.