ధ్రువతార గీసిన గీత

చిట్టితల్లికీ, దీన్ని నీతో కలిసి చదివే పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

ఎండాకాలం సెలవులకు కర్నూలు వచ్చినప్పుడు మన మిద్దె మీద ఫోన్ కదలకుండా పెట్టి, రెండు గంటల సేపు ఉత్తరం వైపు ఆకాశాన్ని ఫోటో తీశావు గదా. ఊరికి పోయాక దాన్ని పెద్దది చేసి చూసి అడిగావు: "తాతా, ధ్రువతార కదలదన్నావు. మరి అది కూడా చిన్న గీత గీసిందే, ఎందుకు?"

పెద్దవాళ్లు చెప్పారని ఊరుకోకుండా ఫోటో చూసి అడిగావు. నాకు ఎంత సంతోషమయిందో! టెలిస్కోప్‌ను మోసి తిప్పే మౌంట్‌ను సరిగ్గా నిలబెట్టడం నేను నేర్చుకున్నది కూడా ఈ ప్రశ్న దగ్గరే.

నా చిన్నప్పుడు పత్తికొండ వైపు మా పల్లెలో తెల్లవారుజామునే మా జేజి విసురురాయి ముందు కూర్చునేది. జొన్నలు విసరాలి, రొట్టెలు కాల్చాలి. గోడ గూట్లో చిన్న దీపం. నేను నిద్రకళ్లతో పక్కన కూర్చుని పిడికి ఒక చెయ్యి వేసేవాణ్ణి. కింది రాయి కదలదు, దాని నడుమ ఒక మేకు ఉంటుంది. పై రాయి ఆ మేకు చుట్టూ తిరుగుతుంది. ఒకసారి పై రాయి మీదికి చీమ ఎక్కింది. దాని వైపు నుంచి చూస్తే దీపమే తన చుట్టూ తిరుగుతున్నట్టు ఉండదూ? ఆ చీమ మనమే తల్లీ. రాయి భూమి, దీపం నక్షత్రం. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది, 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు. అందుకే చుక్కలన్నీ నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున పడమటికి జరిగిపోతుంటాయి.

ఇప్పుడు ఆ చీమ కళ్లు దీపం మీదే ఆనించి ఉంచాలనుకుంది. ఏం చెయ్యాలి? తను కూడా ఒక బుల్లి విసురురాయి తెచ్చుకుని, పెద్ద రాయి మీదే పెట్టుకుని, దాని మీద కూర్చుని, పెద్ద రాయి ఎంత వేగంగా తిరుగుతోందో అంతే వేగంగా ఎదురు తిరగాలి. టెలిస్కోప్ కింద ఉండే మౌంట్ ఆ బుల్లి విసురురాయే. దాన్ని మోటారు తిప్పుతుంది. అయితే బుల్లి మేకు పెద్ద మేకు ఎటు చూస్తే అటే చూడాలి. రవ్వంత వాలినా దీపం మెల్లగా పక్కకు జారిపోతుంది.

భూమి మేకు, అంటే అది తిరిగే అక్షం, మనకు నిట్టనిలువుగా ఉండదు. ఉత్తర ధ్రువం దగ్గర నిలబడితే నడినెత్తికి చూపిస్తుంది, భూమధ్యరేఖ మీద నేలబారుగా పడుకుంటుంది. కర్నూలులో ఉత్తరం వైపు నేల నుంచి దాదాపు 15.8 డిగ్రీలు లేచి ఉంటుంది, మీ కడపలో పద్నాలుగున్నర. ఆ ఊరి అక్షాంశం ఎంతో అంత. చెయ్యి చాచి పిడికిలి పడితే దాని వెడల్పు పది డిగ్రీలు, అంటే పిడికిలిన్నర ఎత్తు. తమిళనాడులో కావలూరుకు నిన్ను ఒకసారి తీసుకుపోవాలి. అక్కడ ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు పెట్టిన అబ్జర్వేటరీలో 2.34 మీటర్ల అద్దమున్న టెలిస్కోప్ ఉంది. అంత బరువూ పన్నెండున్నర డిగ్రీలు వాలిన మేకు చుట్టూనే తిరుగుతుంది.

ఇక నీ ప్రశ్న. భూమి మేకు చూపించే చోట, సరిగ్గా ఆ బిందువు దగ్గర, కంటికి కనిపించే చుక్క ఏదీ లేదు. ధ్రువతార దానికి పక్కింటిది, అంతే. చందమామ వెడల్పు అర డిగ్రీ అనుకుంటే, అంతకంటే ఇంకాస్త ఎక్కువ దూరంలో ఉంది. అందుకని అది కూడా రోజుకొక చిన్న చుట్టు చుట్టుకుంటుంది. నీ ఫోన్‌కు దొరికింది ఆ చుట్టులో ఒక ముక్క.

నేను మొదటిసారి మౌంట్ పెట్టినప్పుడు ఈ సంగతి తెలియదు. ధ్రువతారను నడిమధ్యకు తెచ్చి బోల్టులు బిగించాను. ఒక ఫోటోకు ఐదు నిమిషాలు పెట్టి చూస్తే చుక్కలన్నీ బియ్యపు గింజల్లా పొడుగ్గా వచ్చాయి. మూడు రాత్రులు అంతే. దిక్సూచి పెట్టి చూశాను. అది చూపేది అయస్కాంతపు ఉత్తరం, పైగా మౌంట్‌లోని ఇనుము దాని ముల్లును లాగుతుంది.

నాలుగో రాత్రి మా జేజి గుర్తొచ్చింది. ఒకసారి విసురురాయి మేకు వదులై పై రాయి ఊగులాడింది, ఒకవైపు పిండి, ఇంకోవైపు నూక. జేజి మేకుకు తడి గుడ్డపేలిక చుట్టి బిగించింది. నాలుగు చుట్లు తిప్పింది. రాలిన పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. పేలిక ఇంకాస్త సర్దింది. మళ్లీ తిప్పింది, మళ్లీ నలిపింది. మేకు నిటారుగా ఉందా అని ఒక్కసారి కూడా వంగి చూడలేదు. అంతా పిండే చెప్పింది.

టెలిస్కోప్‌కు కూడా అదే పద్ధతి. ముందు రసమట్టం పెట్టి ట్రైపాడ్ సమంగా నిలపాలి, మౌంట్ మేకు వాలును ఊరి అక్షాంశానికి సరిచెయ్యాలి. మౌంట్ మేకు వెంబడి ఆకాశాన్ని చూపించే చిన్న గొట్టం ఉంటుంది, పోలార్ స్కోప్ అంటారు, అందులో ధ్రువతారను మధ్యలో కాకుండా, అందులో గీసి ఉండే చిన్న వలయం మీద ఆ గంటకు ఉండాల్సిన చోట పెట్టాలి. ఎక్కడ ఉండాలో ఫోన్‌లో యాప్ చెబుతుంది. తర్వాత పిండి నలిపి చూడటం. మే నెల మధ్యలో అయితే రాత్రి పది గంటల ప్రాంతంలో చిత్త నక్షత్రం దక్షిణాన బాగా ఎత్తుకు వస్తుంది. దాన్ని అడ్డగీతలున్న కంటి కటకంలో గీత మీద నిలిపి మోటారు వదిలెయ్. గొట్టాన్ని ఉత్తరానికి రవ్వంత నెడితే చుక్క ఏ వైపుకు జరుగుతుందో అది దక్షిణం, గుర్తు పెట్టుకో. ఐదు నిమిషాలు చూడు. చుక్క దక్షిణానికి జారిందా, మేకు తూర్పుకు ఎక్కువ తిరిగినట్టు. పక్కబోల్టులతో పడమటికి జరుపు. ఉత్తరానికి జారితే దీనికి సరిగ్గా ఎదురు. అర్ధరాత్రికి తూర్పున శ్రవణం పైకి వస్తుంది, ఎత్తు సంగతి అది చెబుతుంది. దక్షిణానికి జారితే మేకు కిందికి వాలింది, ఉత్తరానికి జారితే పైకి లేచింది. జరిపి, ఆగి, మళ్లీ చూడాలి. చుక్క పావుగంట సేపు గీత వదలకుండా నిలబడిన ఆ రాత్రి నేను మిద్దె దిగలేదు, కోడి కూసేదాకా అక్కడే ఉన్నాను.

ఇంకో మాట ఉంది, నాకు పూర్తిగా వివరించాలని లేదు, తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. వేగం తగ్గిన బొంగరంలాగా భూమి మేకు కూడా మెల్లగా తల తిప్పుతోంది, ఒక చుట్టుకు దాదాపు 26,000 ఏళ్లు. 2100 ప్రాంతంలో ధ్రువతార దానికి బాగా దగ్గరికి వస్తుంది, ఆ తర్వాత దూరం జరుగుతుంది. నేను చూడను. నీ మనవళ్లు చూస్తారు. ఆ మేకు ఇంకో చుక్క వైపు చూసే కాలం ఎట్లా ఉంటుందో!

టెలిస్కోప్ వచ్చే సెలవుల్లో. ఈలోపల ఒక పని చెయ్. సన్నటి కూల్‌డ్రింక్ స్ట్రా ఒకటి తీసుకో. సప్తర్షుల గరిటెలో పిడికి ఎదురు అంచున రెండు చుక్కలుంటాయి, గిన్నె అడుగున ఉన్న పులహుడి నుంచి గిన్నె అంచున ఉన్న క్రతువు వైపు గీత గీసి, ఆ దూరానికి ఐదింతలు ముందుకు పో. ఒంటరిగా, మరీ ఎక్కువ కాంతి లేకుండా ఉంటుందే, అదే ధ్రువతార. స్ట్రాలోంచి అది నడిమధ్యన కనబడేట్టు మిద్దె పిట్టగోడ మీద బంకమన్నులో గట్టిగా గుచ్చు. ఎనిమిదింటికి చూసి పడుకో. నాలుగింటికి అమ్మను లేపమని చెప్పి, స్ట్రా ముట్టుకోకుండా మళ్లీ కన్ను పెట్టు. ఏ అంచుకు జరిగిందో బొమ్మ గీసి నాకు పంపు.

మీ తాత