పుస్తకానికో పెన్సిలు ఇస్తే పిల్లలు చదువుతారా?

నెల్లూరు జిల్లాలో సముద్రం వైపున్న ఒక మండల పరిషత్ ప్రాథమిక బడిలో ఎస్‌జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ని. మా బడిలో కొన్నేళ్లుగా రీడింగ్ కార్డు నడుపుతున్నాం. పిల్లలు బీరువాలోంచి నచ్చిన కథల పుస్తకం తీసుకెళ్లి, ఇంట్లో చదివి, కార్డులో గడి నింపుకోవాలి. కార్డు నిండితే ఏదో ఒకటి ఇస్తాం. చెప్పుకోడానికి ఇంతే. కానీ దీని మీద తోటి టీచర్లకు, ఊళ్లోవాళ్లకు చాలా అపోహలున్నాయి. మొదట్లో నాకూ ఉండేవి.

అపోహ: ఎన్ని ఎక్కువ పుస్తకాలు చదివితే అంత పెద్ద బహుమతి ఇవ్వాలి.

మొదటి ఏడాది నేను చేసిన పని ఇదే. పది పుస్తకాలు చదివితే కలర్ పెన్సిళ్ల డబ్బా అన్నాను. వారం తిరక్కుండా బీరువాలో పల్చటి పుస్తకాలన్నీ ఖాళీ. బొమ్మ కింద ఒక్క వాక్యం ఉండే వాటి కోసం అయిదో తరగతి పిల్లలు కొట్లాడుకున్నారు. అప్పుడప్పుడే కూడబలుక్కుంటూ చదువుతున్న ఒక మూడో తరగతి పిల్లాడు, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే ఆయన కొడుకు, నెలంతా కష్టపడి ఒకే ఒక్క పుస్తకం పూర్తిచేశాడు. వాడికి ఏమీ రాలేదు. తర్వాతి నెల కార్డు అడగనే లేదు. ఆ తప్పు నాదే.

ఇప్పుడు పుస్తకాలు లెక్కపెట్టం. 15 నిమిషాలు చదివితే ఒక గడి. నెలకు ఎన్ని గడులన్నది ఎవరి లెక్క వాళ్లది. అమెరికాలో పిజ్జా హట్ 1984లో మొదలుపెట్టిన 'బుక్ ఇట్'లో కూడా నెల లక్ష్యాన్ని టీచరే పెడతారు, అందుకున్న పిల్లలకు చిన్న పిజ్జా ఇస్తారు. మనకు పిజ్జాలు ఎవరు పెడతారు గానీ, పిల్లల్ని బట్టి లక్ష్యం పెట్టడమైతే ఖర్చు లేని పని.

అపోహ: బహుమతి అలవాటు చేస్తే, అది లేనిదే పుస్తకం ముట్టరు.

ఇందులో సగం నిజముంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లలకు, వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత ఆ పిల్లలు ఆ పెన్నుల జోలికి పోవడం తగ్గింది. ముందు చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. అయితే వాళ్లంతా ముందే ఇష్టమున్న పిల్లలు. మా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది ఇంట్లో కథల పుస్తకమే చూసి ఉండరు. చెడిపోవడానికి ముందు ఇష్టమంటూ పుట్టాలి కదా!

ఏమి ఇస్తున్నామన్నది అసలు సంగతి. 2008లో మారినాక్, గాంబ్రెల్ మూడో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనంలో, చిన్న చిన్న వస్తువులు బహుమతిగా అందుకున్న వాళ్లకంటే పుస్తకం అందుకున్నవాళ్లే తర్వాత చదవడానికి మొగ్గారు. ఏమీ అందుకోని వాళ్లూ అంతే. అది చదివాక పెన్సిళ్లు మానేశాం. కార్డు నిండితే ఒక పుస్తకం, పిల్లలే ఏరుకోవాలి, లోపల వాళ్ల పేరు రాసిస్తాం. శనివారం బడి మొత్తానికి కథ చదివి వినిపించే ఛాన్సు కూడా వాళ్లదే. నిజం చెప్పాలంటే పుస్తకం కన్నా దీనికే పోటీ ఎక్కువ.

అపోహ: పరీక్ష పెట్టకపోతే చదవకుండానే చదివామంటారు.

అంటారు. పరీక్ష పెడితే పక్కవాణ్ణి అడిగి రాస్తారు. నేను ఒకటే అడుగుతాను: ఇందులో ఎవరి మీద నీకు కోపమొచ్చింది? చదవని పిల్లలు నీళ్లు నములుతారు. చదివినవాళ్లు ఆగరు. 'ఆ నక్క అచ్చం మా మామ సార్' అని ఒకడు మొదలుపెట్టి, మామ అప్పులన్నీ చెప్పుకొచ్చాడు.

అపోహ: మన బళ్లో అన్ని పుస్తకాలు ఎక్కడివి?

పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసి కుట్టుకుంటే చాలు.

అపోహ: తల్లిదండ్రులకు చదువు రాకపోతే ఇదంతా దండగ.

మొదట కార్డులో తల్లిదండ్రుల సంతకం గడి ఉండేది. మా ఊళ్లో చాలామంది తెల్లారకముందే నాట్లకో, రొయ్యల ప్లాంటుకో వెళ్లిపోతారు. సంతకం కావాలని పట్టుబడితే పదిమంది నాన్నల సంతకాలు ఒకే చేతిరాతలో వచ్చాయి. ఆ గడి తీసేసి 'ఎవరికి చదివి వినిపించావు?' అని పెట్టాం. 'అవ్వకి', 'చెల్లికి' అని రాస్తారు. ఒకసారి 'బర్రెకి' అని కూడా వచ్చింది. దానికీ గడి ఇచ్చాను.

పోయినేడు ఒక అవ్వ బడి గేటు దగ్గర నన్ను ఆపింది. 'ఏంది సారూ, ఆ కుందేలు కతలో చివరి కాయితం చిరిగిపోయిందంట! మావోడు యాడ ఆపాడో రెండు రోజుల నుంచి ఆడే ఉండాం. ఆ మిగతాది కాస్త చెప్పు.'

నాకు గుర్తులేదు. లోపలికెళ్లి బీరువాలో ఇంకో కాపీ ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాను.