మాత్ర వేసుకున్నారా, లేదా?

అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు సాధారణంగా మెదడులో హిప్పోక్యాంపస్, దాని చుట్టుపక్కల మొదలవుతుంది. అప్పుడే జరిగినదాన్ని జ్ఞాపకంగా నిలిపే చోటది. అందుకే తిరుపతి పెద్దాయనకు చిన్నప్పటి గంగజాతర వేషాలన్నీ గుర్తుంటాయి, పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు. ‘ఇందాకే చెప్పాను కదా నాయనా’ అని విసుక్కుంటే మాట గుర్తుకు రాదు, మనసు మాత్రం నొచ్చుకుంటుంది.

ఇంట్లో అందరూ ముందు గ్యాస్ పొయ్యి గురించి కంగారుపడతారు. షుగరు మాత్రల సంగతి అంతకన్నా ముందు చూడాలి. వేసుకున్నది మరిచి గ్లిమెపిరైడ్ మళ్లీ మింగితే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, తికమక. ఆ తికమక చూసి మతిమరుపు ముదిరిందనుకుంటారు! గ్లూకోమీటరులో 70 కన్నా తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉంటే, 3-4 చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. కోలుకున్నాక ఏదైనా తినిపించి డాక్టరుకు చెప్పాలి. ఈ మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి చక్కెర మళ్లీ పడొచ్చు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. వారానికి సరిపడా గడుల డబ్బాలో మాత్రలు సర్దితే వేసుకున్నదీ లేనిదీ తెలుస్తుంది. మిగతా అట్టలు బీరువాలో తాళం వేసి ఉంచకపోతే మాత్రం డబ్బా ఉండీ దండగే.

అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ మామూలుగా రాత్రిపూట 5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. అది మెదడులో జ్ఞాపకానికి తోడ్పడే రసాయనమైన ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది. మెడికల్ షాపులో జలుబుకని ఇచ్చే క్లోర్‌ఫెనిరమైన్ దాని పనిని అడ్డుకుంటుంది. డాక్టరు ఒకటి కడితే షాపువాడు ఒకటి విప్పినట్టు. మతిమరుపుకు అవీ కారణం కావచ్చు కాబట్టి బి12, థైరాయిడ్ పరీక్షలు చేయకపోయి ఉంటే అడిగి చేయించండి. ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి అయోమయం పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది ఉందేమో చూడాలి.

కొండకు తీసుకుపోవచ్చు, రద్దీ లేని రోజు చూసుకుని. జేబులో ఫోన్ నంబరు చీటీ ఉండాలి. గుండు చేయించాక, ఆ రోజు బట్టలతోనే ఇంకో ఫొటో తీయండి. తప్పిపోతే జుట్టున్న పాత ఫొటో చూసి ఎవరూ గుర్తుపట్టలేరు.

కాగితాల పని వాయిదా వేయొద్దు. జీపీఏ (తన తరఫున వ్యవహారాలు చూడమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం) ఉంది కదా అని ధీమాగా ఉంటారు గానీ, రాసిచ్చినవారు మతిస్థిమితం కోల్పోతే 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అది ముగిసిపోతుంది. వీలునామా అలా కాదు. జబ్బు పేరు పడినా, రాసే వేళకు తానేం చేస్తున్నదీ తెలిసివుంటే చెల్లుతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేస్తే తర్వాత తగాదాలు తగ్గుతాయి.