చెవి కొస తెగిన పిల్లి: వీధి పిల్లుల నియంత్రణ వెనుక కథ

ప్రహరీ గోడ మీద పడుకున్న పిల్లిని ఒకసారి దగ్గరగా చూడండి. ఎడమ చెవి కొస గీత గీసినట్టు నేరుగా తెగి ఉంటే, అది గండుపిల్లుల కొట్లాటలో తగిలిన గాయం కాదు. కొట్లాటలో చిరిగిన చెవి అంచు రంపపు పళ్లలా ఉంటుంది. నేరుగా తెగిన చెవి పశువైద్యుడు పెట్టిన గుర్తు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేటప్పుడు, అదే మత్తులో, సుమారు సెంటీమీటరు మేర కత్తిరిస్తారు. మెడకు పట్టీ కడితే ఏ ఊచకో కొమ్మకో తగులుకుని ఉరి పడే ప్రమాదం ఉంది. చెవి అయితే దూరం నుంచే కనిపిస్తుంది. ఆ పిల్లిని మళ్లీ పట్టి, మళ్లీ కోసే పని తప్పుతుంది.

ఈ గుర్తు దాకా రావడానికి చాలా కాలం పట్టింది. మన ఊళ్లలో అంతకుముందు నుంచీ ఉన్న పద్ధతి గోనెసంచి. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలన్న భయం ఉండేది. అందుకని చంపేవారు కాదు, సంచిలో కట్టి ఊరవతల వదిలేవారు. నా చిన్నప్పుడు మా వీధిలోనూ అదే జరిగింది. వంటింటి కిటికీలోంచి వచ్చి పాలు తాగే బూడిదరంగు పిల్లిని సైకిలు మీద తీసుకెళ్లి కాలువ అవతల వదిలి వచ్చారు. దాని కూనలు మా గడ్డివాములో రెండు రోజులు అరిచాయి. మూడో రోజు అరుపులు ఆగాయి. నెల తిరగకుండా మరో పిల్లి, ఈసారి చారలది, అదే కిటికీలో కూర్చుంది.

దీనికి కారణం తేలికే. పిల్లి వీధిని చూసి రాదు, తిండిని చూసి వస్తుంది. చేపల బజారు, చెత్తకుండీ, ఎలుకలు ఉన్నంత కాలం ఒకటి పోయిన చోటికి ఇంకొకటి వస్తుంది. మిగిలిన ఆడపిల్లులకు తిండి పెరుగుతుంది, కూనలు ఎక్కువగా బతుకుతాయి. కడుపుతో ఉండేది తొమ్మిది వారాలే. ఆరు నెలలు నిండేసరికి ఆ కూనే తల్లి కాగలదు. ఏడాదికి రెండు మూడు ఈతలు మామూలు.

పూర్తిగా తొలగించడం ఎంత కష్టమో చెప్పడానికి దక్షిణ హిందూ మహాసముద్రంలోని మారియన్ దీవిని మించిన ఉదాహరణ లేదు. అది దక్షిణాఫ్రికాది. అక్కడి వాతావరణ కేంద్రంలో చుంచెలుకల బాధ తప్పించుకోవడానికి 1949లో 5 పిల్లులను తెచ్చారు. 1977 నాటికి అవి సుమారు 3,400 అయ్యాయి. ఏటా నాలుగున్నర లక్షల సముద్రపక్షులను తింటున్నాయని లెక్కగట్టారు. అక్కడ పక్షుల పక్షం వహించక తప్పదు, ఆ మాట ఒప్పుకోవాలి. ముందు పిల్లులకు ప్రాణాంతకమైన వైరస్‌ను వదిలారు. తర్వాత ఏళ్ల తరబడి రాత్రిపూట దీపాలు పట్టుకుని కాల్చారు, బోనులు పెట్టారు. చివరి పిల్లి 1991లో పోయింది. జనావాసం లేని, బయటి నుంచి కొత్త పిల్లి వచ్చే దారే లేని దీవికే 14 ఏళ్లు పట్టింది. నాలుగు వైపులా వీధులున్న కాలనీలో ఆ పని ఎలా కుదురుతుంది?

పట్టి, ఆపరేషన్ చేసి, పట్టిన చోటే వదలడమనే ఆలోచన 1970లలో బ్రిటన్‌లో, డెన్మార్క్‌లో ఊపందుకుంది. ఆసుపత్రుల ఆవరణల్లో, కర్మాగారాల్లో తిరిగే పిల్లులకు రోజూ అన్నం పెట్టే ఆడవాళ్లే మొదట ఆ పని చేశారు. అప్పట్లో అధికారులకు తెలిసింది చంపడం ఒక్కటే. 1980లో లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కళాశాలలో ఈ విషయం మీద ప్రత్యేకంగా సదస్సు జరిగింది. అంతవరకు దయగలవాళ్ల పిచ్చి అనిపించుకున్న పని అక్కడ శాస్త్రవేత్తల చర్చకు వచ్చింది.

దాన్ని చట్టం చేసింది మాత్రం ఇటలీ. రోమ్ నడిబొడ్డున లార్గో ది తోర్రే అర్జెంతీనా అనే కూడలి ఉంది. 1920లలో పాత ఇళ్లు కూల్చుతుంటే అక్కడ నాలుగు ప్రాచీన దేవాలయాలు బయటపడ్డాయి. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ హత్య జరిగిన చోటు ఇదే. తవ్విన నేల రోడ్డు మట్టానికి చాలా కిందన ఉంది, అక్కడికి కార్లు రావు. ఆ రాళ్ల మధ్య పిల్లులు కాపురం పెట్టాయి. పై నుంచి మిగిలిన తిండి తెచ్చి వేసే ఆడవాళ్లను రోమ్‌లో ‘గత్తారే’ అంటారు. పిల్లులమ్మలు అనుకోవచ్చు. వాళ్లను చాలాకాలం ఊరు వింతగానే చూసింది.

1991లో వచ్చిన 281వ నంబరు చట్టం వాళ్ల పనికి అండగా నిలిచింది. స్వేచ్ఛగా బతికే పిల్లులను హింసించకూడదు. ప్రభుత్వ పశువైద్యులే ఆపరేషన్ చేసి తిరిగి వాటి గుంపులోనే వదలాలి. తీవ్రమైన జబ్బో, నయం కాని జబ్బో ఉంటే తప్ప చంపకూడదు. జంతు సంరక్షణ సంఘాలు ఆ గుంపుల బాధ్యత తీసుకోవచ్చు. ఆ తర్వాత కొద్ది కాలానికే, ఇద్దరు మహిళలు తోర్రే అర్జెంతీనాలో రోడ్డు కింద గుహలాంటి చోటులో పిల్లుల ఆశ్రయం నడపడం మొదలుపెట్టారు. అది శిథిలాలకు హాని అంటూ 2012లో పురావస్తు అధికారులు ఖాళీ చేయించబోయారు. ఊరు అడ్డుపడింది. 2023లో సందర్శకుల కోసం నడకదారి తెరిచినప్పుడు పిల్లులూ అక్కడే ఉన్నాయి.

అయితే రోమ్ లెక్కలు చేదు నిజాన్ని కూడా చెప్పాయి. పదేళ్లలో దాదాపు 8,000 పిల్లులకు ఆపరేషన్లు చేశాక 103 గుంపులను పరిశీలించారు. మొత్తం మీద సంఖ్య తగ్గింది, కానీ 16 నుంచి 32 శాతమే. కారణం, గుంపుల్లోకి కొత్తవి వస్తూనే ఉన్నాయి, వాటిలో ఇళ్లవాళ్లు తెచ్చి వదిలినవీ ఉన్నాయి. పెంపుడు పిల్లులకు ఆపరేషన్ చేయించేలా జనానికి నచ్చజెప్పకపోతే ఇదంతా డబ్బు, శ్రమ, కాలం వృథా అని ఆ పరిశోధకులు నిర్మొహమాటంగా రాశారు. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటిలో అత్యంత విలువైన వాక్యం అదే. వీధి పిల్లి సమస్యలో సగం ఇంటి పిల్లి సమస్య. సంచిలో కట్టి వదిలిన ప్రతి కూనా ఇంకెవరి వీధిలోనో లెక్కలో చేరుతుంది.

రాకను అదుపు చేసిన చోట ఫలితం వేరు. అమెరికాలో ఫ్లోరిడాలోని ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1991 నుంచి 2002 వరకు 155 పిల్లుల లెక్క రాసిపెట్టారు. దాదాపు సగం పిల్లులకు ఇళ్లు దొరికాయి. 1995 తర్వాత అక్కడ కూనలు పుట్టిన దాఖలా లేదు. 1996లో 68 ఉన్న పిల్లులు 2002కు 23కు తగ్గాయి. మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్ రేవులో 1992లో సుమారు 300 ఉండేవి. వాటిలో చివరిది, జోరో, 2009లో వయసు మీరి చనిపోయింది.

మన దేశంలో ఈ ఆలోచన కుక్కల దారిలో వచ్చింది. మద్రాసులో బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ 1964లోనే చంపడం ఆపి ఆపరేషన్లు చేద్దామని కోరింది. కార్పొరేషన్ ఒప్పుకునేసరికి 1990లు సగం గడిచాయి. 2001లో కేంద్రం తెచ్చిన జనన నియంత్రణ నిబంధనల పేరులోనే ‘కుక్కలు’ అని ఉంది. 2023 మార్చిలో వాటి స్థానంలో వచ్చిన నిబంధనల పేరు నుంచి ఆ మాట తొలగింది. అయినా మన పట్టణాల్లో వీధి జంతువుల ఆపరేషన్లంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేవి కుక్కలే. పిల్లి కరిచినా, రక్కినా రేబిస్ టీకా వేయించుకోమంటారు. ఆపరేషన్ రోజునే పిల్లికి ఆ టీకా వేస్తే వీధికీ రక్షణే కదా.

పని కూడా పెద్దదేమీ కాదు, ఓపిక కావాలంతే. ముందు కొన్ని రోజులు ఒకే వేళకు, ఒకే చోట తిండి పెట్టి అలవాటు చేస్తారు. పట్టే ముందు రోజు తిండి ఆపుతారు. బోనులో లోపలి కొసన ఎండుచేప పెట్టి దూరంగా కూర్చుంటారు. తలుపు పడగానే పిల్లి ఊచలకేసి కొట్టుకుంటుంది. చూసేవాళ్లకు గుండె చెరువవుతుంది. పాత దుప్పటి కప్పితే చాలు, చీకటి పడ్డట్టై సద్దుమణుగుతుంది. పాలిచ్చే తల్లి అని పొట్ట చూసి తెలిస్తే, కూనలు ఎక్కడున్నాయో వెతక్కుండా తీసుకెళ్లకూడదు. మత్తు పూర్తిగా దిగాక అదే వీధికి తెచ్చి, అదే గోడ పక్కన బోను పెట్టి తలుపు ఎత్తుతారు. కొన్ని క్షణాలు కదలదు. తర్వాత ఒక్క దూకుతో గోడెక్కి, తెగిన చెవిని ముంగాలితో తుడుచుకుంటూ కూర్చుంటుంది.