గడ్డం మీద మొలిచేది, నడినెత్తిన పలచబడేది

మొన్న మా అక్క తెల్లకాగితం మీద రెండు వెంట్రుకలు పెట్టి చూపించింది. ఒకటి దువ్వెనలో చిక్కింది, నడినెత్తిది. వేళ్ల మధ్య పట్టుకుంటే ఉందో లేదో తెలియనంత సన్నం. రెండోది గడ్డం మీద నుంచి పీకింది. అర అంగుళం కూడా లేదు, కానీ నల్లగా, తీగముక్కలా గట్టిగా ఉంది. అక్కకి 53 ఏళ్లు. ముట్లు ఆగి రెండేళ్లయింది.

"రెండూ హార్మోన్ల వల్లేనన్నారు డాక్టరు. ఒకే కారణమైతే అక్కడ పోవడమేంటి, ఇక్కడ మొలవడమేంటి? సైన్సు రాస్తావుగా, చెప్పు" అంది.

ఈ ప్రశ్న నన్ను వారం రోజులు వదల్లేదు.

ముట్లు ఆగాక చర్మం కూడా మారుతుంది, ఆ సంగతి ముందు గబగబా చెప్పేస్తాను. చర్మానికి బిగువునిచ్చే ప్రోటీన్ కొల్లాజెన్. చర్మం లోపలి పొరలో దాన్ని నేసే కణాలను ఈస్ట్రోజన్ అనే హార్మోను ఉత్సాహపరుస్తుంది, నీటిని పట్టి ఉంచే హైలురోనిక్ ఆమ్లాన్ని పెంచుతుంది. ముట్లు ఆగిన మొదటి అయిదేళ్లలో చర్మంలోని కొల్లాజెన్ 30 శాతం దాకా తగ్గవచ్చు. ఆ తర్వాత తగ్గుదల ఏడాదికి సుమారు 2 శాతం. చర్మం పలచబడి, పొడిబారి, సడలుతుంది. ఎండ చేసే నష్టం దీనికి అదనం. ఇందులో చిక్కేమీ లేదు. ప్రోత్సాహం తగ్గింది, పని తగ్గింది. చిక్కంతా వెంట్రుక దగ్గరే.

బడిలో టెస్టోస్టిరాన్ మగ హార్మోను, ఈస్ట్రోజన్ ఆడ హార్మోను అని రెండు గళ్లు గీసి నేర్పుతారు. ఆ గళ్లు చెరిపేయాలని నా కోరిక. వయసులో ఉన్న స్త్రీ రక్తంలో నెలలో చాలా రోజులు ఈస్ట్రోజన్‌లో ముఖ్యమైన ఎస్ట్రడయోల్ కంటే టెస్టోస్టిరానే ఎక్కువ. ముట్లు ఆగేటప్పుడు ఎస్ట్రడయోల్ బాగా పడిపోతుంది. టెస్టోస్టిరాన్ అలా పడిపోదు, ఇరవైల నుంచే మెల్లగా తగ్గుతూ వస్తుంది. అంటే అక్కలో కొత్తగా ఏదీ పెరగనక్కర్లేదు, త్రాసులో ఒక పళ్లెం తేలికైతే చాలు.

ఇప్పుడు బడిగంటను తలచుకోండి. గంట ఏమీ చెప్పదు, మోగుతుందంతే. అదే గంటకు ఒక తరగతి పుస్తకాలు తెరుస్తుంది, ఇంకో తరగతి సంచులు సర్దుకుంటుంది. అర్థం గంటలో లేదు, ఆ తరగతి టైంటేబుల్లో ఉంది. టెస్టోస్టిరాన్ గంట. ప్రతి వెంట్రుక కుదురూ ఒక తరగతి.

కుదురు అడుగున డెర్మల్ పాపిల్లా అని చిన్న కణాల గుత్తి ఉంటుంది. గంట వినేది అదే. కుదురు దగ్గర 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ను డిహెచ్‌టిగా మారుస్తుంది. టెస్టోస్టిరాన్, డిహెచ్‌టి వంటి హార్మోన్లను ఆండ్రోజన్లంటారు. కణంలో వాటిని అందుకునే ఆండ్రోజన్ గ్రాహకాన్ని డిహెచ్‌టి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, అంటే గంటకు మైకు పెట్టినట్టు. ఆ చప్పుడుకు గడ్డంలోని పాపిల్లా ఐజిఎఫ్-1 వంటి పెరుగుదల సంకేతాలు పంపుతుంది. 0.03 మిల్లీమీటర్ల మందం కూడా లేని నూగు, ముదురు వెంట్రుకగా మారుతుంది. బట్టతల గుణమున్న నడినెత్తి పాపిల్లా అదే చప్పుడుకు టిజిఎఫ్-బీటా వంటి ఆపు సంకేతాలు పంపుతుంది. రెండు నుంచి ఆరేళ్లు సాగాల్సిన పెరుగుదల దశ కురచవుతుంది. రాలిన ప్రతిసారీ ముందుకంటే సన్నటి వెంట్రుక మొలుస్తుంది. కాగితం మీది రెండు వెంట్రుకలూ ఈ రెండు టైంటేబుళ్ల ఫలితమే.

టైంటేబుల్ కుదురులోనే ఉంటుందనడానికి నాకెంతో ఇష్టమైన రుజువొకటుంది. నార్మన్ ఒరెంట్రీచ్ అనే చర్మవైద్యుడు తల వెనక భాగం నుంచి కుదుళ్లు తీసి బట్టతల మీద నాటి, ఆ ఫలితాలు 1959లో ప్రచురించారు. అవి కొత్త చోట కూడా పాత చోట ఉన్నట్టే పెరిగాయి. విద్యార్థిని పక్క గదిలో కూర్చోబెట్టినా తన టైంటేబులే పాటించాడన్నమాట.

మరి గంట ఇన్నాళ్లూ ఉన్నదేగా, ఇప్పుడే ఎందుకింత గట్టిగా వినబడుతోంది? గంట నాలుకకు గుడ్డ చుట్టి ఉండేది కాబట్టి. కాలేయం తయారుచేసే ఎస్‌హెచ్‌బిజి అనే ప్రోటీన్ టెస్టోస్టిరాన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది. దేన్నీ అంటిపెట్టుకోకుండా తిరిగేది 1-2 శాతమే. ఈస్ట్రోజన్ ఆ ప్రోటీన్‌ను పెంచుతుంది. ఈస్ట్రోజన్ తగ్గితే గుడ్డ పలచబడుతుంది.

అయితే పాపిడి వెడల్పయిన ప్రతి స్త్రీకీ ఇదొక్కటే కారణం అనుకోకూడదు. చాలామందికి రక్తపరీక్షలో ఆండ్రోజన్లు మామూలుగానే ఉంటాయి. థైరాయిడ్, ఇనుము లోపం కూడా జుట్టు రాలుస్తాయి. గడ్డం మీద వెంట్రుకలు కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరిగి, గొంతు కూడా బొంగురుపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. హార్మోను విడుదల చేసే కణితి ఉందేమో చూడాల్సి ఉంటుంది.

అక్క రేజరు ముట్టదు, గీస్తే ఇంకా గట్టిగా వస్తాయని భయం. ఈ నమ్మకాన్ని మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే పరీక్షించి కాదని తేల్చారు. చర్మం పైన కనిపించే వెంట్రుక ప్రాణం లేనిది, దాన్ని కోసిన సంగతి కింద కుదురుకు తెలియదు. మొనదేలిన కొస పోయి మొద్దుకొస మిగులుతుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది. ఇన్నేళ్లుగా ఇంతమంది ఆడవాళ్లను ఈ భయం ఊరికే బాధపెట్టడం నాకు కష్టంగా ఉంటుంది.

డాక్టరు అక్కకు స్పైరనోలాక్టోన్ రాశారు. అసలు రక్తపోటుకు వాడే ఈ మందు ఆండ్రోజన్ గ్రాహకాన్ని కూడా అడ్డుకుంటుంది. గంటకు, వినే చెవికి మధ్య తలుపు మూసినట్టు. రక్తంలో పొటాషియం పెరగకుండా చూసుకుంటూ డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. పనిచేస్తే గడ్డం మీది వెంట్రుక సన్నబడుతుంది, నడినెత్తిది పలచబడటం ఆగుతుంది, కొందరిలో మళ్లీ కాస్త లావెక్కుతుంది. ఒకే మాత్ర రెండు చోట్లా ఎదురెదురు పనులు చేస్తుందన్నమాట. కాకపోతే కుదురు తన చక్రం తిరిగేదాకా మాట వినదు. తేడా కనిపించడానికి ఆరు నెలలైనా పడుతుందని అక్కకి చెప్పాను. ఆ రెండు వెంట్రుకలున్న కాగితాన్ని మడిచి, తేదీ రాసి దాచింది.