స్పిరిట్ పీపాలో పండిన పులుపు బీరు: అపోహలు, వాస్తవాలు

పులుపు బీర్లు కాచి, పీపాల్లో పండించి, ఏ పీపాను దేనితో కలపాలో రుచి చూసి తేల్చడం నా పని. స్పిరిట్ పీపా అంటే బోర్బన్ (అమెరికా విస్కీ), కోన్యాక్ (ఫ్రెంచ్ బ్రాందీ) లాంటి ఘాటు మద్యం ఒకప్పుడు నిల్వ ఉన్న ఓక్ చెక్క పీపా. రుచి చూపిద్దామని ఎవరినైనా కూర్చోబెడితే, గ్లాసు చేతికి రాకముందే కొన్ని మాటలు వినిపిస్తాయి. "బోర్బన్ పీపా అన్నారుగా, ఘాటుగా ఉంటుందా?" "పులిసిపోయిన బీరు ఎవరైనా తాగుతారా?" అడిగినవాళ్ల తప్పేమీ లేదు. లేబుల్ చెప్పే కథ ఒకటి, లోపల జరిగేది ఇంకొకటి. లేబుల్ మీద చదివిన రుచినే నోట్లో వెతుక్కుంటూ కూర్చుంటే, అసలున్న రుచి తెలియకుండానే దాటిపోతుంది. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ ఒక్క గ్లాసు వెనక రెండు మూడేళ్ల కాపలా ఉంటుంది మరి.

అపోహ: పుల్లగా ఉందంటే బీరు పాడైనట్టే

మామూలుగా దొరికే లాగర్ బీరు పుల్లబడితే పాడైనట్టే, అందులో అనుమానం లేదు. బెల్జియం పద్ధతిలో మాత్రం పులుపు కోరి తెచ్చుకున్నది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే పుల్లటి బీరు చేసేవాళ్లు మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), గోధుమల నుంచి తీసి మరిగించిన తియ్యటి రసాన్ని కూల్‌షిప్ అనే వెడల్పాటి, లోతు లేని తొట్టిలో పోసి రాత్రంతా తెరిచి ఉంచుతారు. గాల్లోంచీ, ఆ కట్టడంలోంచీ వచ్చి చేరే ఈస్టులు, బ్యాక్టీరియాలే దాన్ని పులియబెడతాయి. అందుకే చలి రోజుల్లోనే కాస్తారు. ఎండలు ముదిరితే రసం సరిగ్గా చల్లారదు, అక్కర్లేని సూక్ష్మజీవులు కూడా వచ్చిపడతాయి. 1900లో మొదలైన కాంటియోన్ అనే బ్రస్సెల్స్ బ్రూవరీ ఇప్పటికీ ఇలాగే చేస్తోంది. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు నిండిన లాంబిక్‌లను కలిపి సీసాలో మళ్లీ పులియనిస్తే దాన్ని గ్యూజ్ అంటారు.

ఎంత పులుపు ఉందన్నది తర్వాత, ముందు ఏ పులుపో పట్టుకోండి. లాక్టిక్ ఆమ్లం పెరుగులో ఉండే పులుపు. నాలుక అంతటా మెత్తగా పరుచుకుంటుంది, నోరూరుతుంది. అసిటిక్ ఆమ్లం వెనిగర్ పులుపు. నోటికంటే ముందు ముక్కుకు తగులుతుంది, గొంతులో గీరుతుంది. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతపు ఎర్రటి బీర్లలో అది కాస్త ఉంటేనే అందం. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన గుప్పుమంటే మాత్రం హద్దు దాటిందని అర్థం. అలాంటి గ్లాసును మొహమాటం లేకుండా పక్కన పెట్టేయండి.

అపోహ: స్పిరిట్ పీపాలో పెట్టడం వల్లే పులుస్తుంది

పులుపు కలప నుంచి రాదు, పీపాలో ఒకప్పుడున్న స్పిరిట్ నుంచీ రాదు. లాక్టోబాసిల్లస్, పెడియోకాకస్ లాంటి బ్యాక్టీరియా నుంచి వస్తుంది. నిజానికి అప్పుడే ఖాళీ చేసిన స్పిరిట్ పీపాలో ప్రాణమున్నదేదీ పెద్దగా ఉండదు, అంత ఆల్కహాల్‌లో అవి బతకవు. పులుపు తెచ్చే జీవాలను బీరుతో పాటు మనమే లోపలికి పంపాలి.

అపోహ: బెల్జియంలో తరతరాలుగా స్పిరిట్ పీపాలే వాడుతున్నారు

బెల్జియం వాళ్లకు పాత వైన్ పీపాలంటే ఇష్టం. కలప రుచి దాదాపు పోయాక కూడా ఏళ్ల తరబడి వాడతారు. వాళ్ల దృష్టిలో పీపా రుచినిచ్చే వస్తువు కాదు, చెక్క సందుల్లో కాపురముండే బ్రెటనోమైసిస్ ఈస్ట్‌కు ఇల్లు. (బ్రెట్ అని ముద్దుగా పిలుచుకునే ఈ ఈస్ట్‌కు ఆ పేరు బ్రిటన్ మీదుగా వచ్చింది. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన క్లాసెన్ ఇంగ్లండ్ బీర్లలో దాన్ని గుర్తించి 1904లో వివరించాడు.) బెల్జియంలోని రూసలారే ఊళ్లో ఉన్న రోడెన్‌బాఖ్ బ్రూవరీలో ఫూడర్లనే భారీ ఓక్ తొట్లు దాదాపు 300 ఉన్నాయి. ఒక్కొక్కటి వేల లీటర్లు పడుతుంది.

స్పిరిట్ పీపాల వాడకం ఎక్కువగా అమెరికా నుంచి పాకింది. అక్కడి చట్టం ప్రకారం బోర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. ఒకసారి వాడిన పీపా బోర్బన్‌కు మళ్లీ పనికిరాదు. సుమారు 200 లీటర్లు పట్టే ఆ పీపాలు అలా బయటికొస్తాయి. 1990ల్లో చికాగోలోని గూస్ ఐలాండ్ బ్రూవరీ వాటిలో స్టౌట్ అనే నల్లటి బీరు పెట్టి చూపించాక చాలామంది ఆ దారి పట్టారు. ఇప్పుడు బెల్జియంలోనూ ఈ పని చేసేవాళ్లున్నారు. కాంటియోన్ కూడా కోన్యాక్ పీపాల్లో లాంబిక్ పండించింది.

అపోహ: పీపాలో ఎంతకాలం ఉంటే అంత మంచిది

నన్ను అన్నిటికంటే ఎక్కువ నష్టపరిచింది ఈ నమ్మకమే.

పీపా చెక్క కొన్ని లీటర్ల స్పిరిట్‌ను తాగి ఉంటుంది. బీరు పోయగానే అది బయటికి రావడం మొదలుపెడుతుంది. మొదటి కొన్ని వారాల్లోనే ఆ వాసనలు చాలావరకు దిగిపోతాయి. వెనిల్లా, కొబ్బరి, కారమెల్ వాసనలు కాల్చిన ఓక్ నుంచి వస్తాయి. ఆ తర్వాత కూడా చెక్క ఊరుకోదు, టానిన్ల ఒగరు వదులుతూనే ఉంటుంది. వగరు ఒక్కటే ఉంటే నోరు ఓర్చుకుంటుంది, పులుపు ఒక్కటే ఉన్నా ఓర్చుకుంటుంది. రెండూ కలిసి పెరిగితే నాలుక గరుకు కాగితంలా అయిపోతుంది. పైగా చెక్కలోంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి వెళ్తుంది, నీరూ ఆల్కహాలూ ఆవిరై మట్టం దిగుతుంది. ఆ ఖాళీలో గాలి చేరితే అసిటోబాక్టర్ అనే బ్యాక్టీరియాకు పండగే, బీరును వెనిగర్ చేసి పెడుతుంది.

శాంపిల్ కోసం పై మూత తీయకూడదు. పీపా ముందు పలకకు చిన్న రంధ్రం చేసి స్టీలు మేకు కొట్టి ఉంచుతాం. పటకారుతో మేకు లాగితే పెన్సిల్ మొన అంత సన్నటి ధార వస్తుంది. గ్లాసులో రెండు గుక్కలు పట్టి మేకు మళ్లీ బిగిస్తాం. బీరు పైన బ్రెట్ కట్టిన తెల్లటి పొర చెదరదు.

మొదట్లో ఒక బోర్బన్ పీపాను "ఇంకో నాలుగు నెలలు ఉండనీ, ఇంకా బాగుంటుంది" అని వదిలేశాను. ఆ నాలుగు నెలలూ మేకు లాగలేదు. పై బిరడా ఎండిపోయి వదులైన సంగతి చూసుకోలేదు. తీసి చూస్తే 200 లీటర్లూ వెనిగరే. ఇప్పుడు స్పిరిట్ పీపాను నెలకోసారి తప్పకుండా చూస్తాను. బీరు వేరే చోట పుల్లబడి, స్పిరిట్ పీపాలోకి చివరి కొన్ని వారాలకో, రెండు మూడు నెలలకో వెళ్తే చాలని నా అభిప్రాయం.

అపోహ: బోర్బన్ పీపా అంటే బోర్బన్ గట్టిగా తెలియాలి

గట్టిగా తెలిస్తే నాకు అనుమానం. ముక్కు దగ్గర వెనిల్లా వాసన రాగానే మెదడు తీపికి సిద్ధమవుతుంది. నోట్లోకి వచ్చేది చక్కెర మిగలని పుల్లటి బీరు. ఆ రెండిటికీ పొత్తు కుదరకపోతే రెండు వేర్వేరు పానీయాలు ఒకే గ్లాసులో పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. మాల్ట్ చిక్కదనం ఉన్న ముదురు రంగు ఫ్లాండర్స్ తరహా బీర్లు బోర్బన్, రమ్ పీపాలకు తట్టుకుంటాయి, ఎండు చెర్రీ రుచి వెనిల్లాను కలుపుకుపోతుంది. లేతరంగు బీరుకు కోన్యాక్ పీపా నయం, ఫ్రెంచ్ ఓక్‌లో కొబ్బరి వాసన తక్కువ.

అపోహ: ఐస్‌లా చల్లగా తాగాలి

వద్దు. చలికి వాసన ముడుచుకుంటుంది, పులుపూ ఒగరూ మాత్రమే పైకి పొడుచుకొస్తాయి. 10 నుంచి 13 డిగ్రీల దగ్గర, కాడ ఉన్న గ్లాసులో సగం వరకే పోయండి. పోయగానే ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి, అరగంటకు మరోసారి వాసన చూడండి. చెక్క సంగతి తెలిసేది మూడోసారే.

అపోహ: పుల్లగా ఉంటే మత్తు తక్కువ

పులుపు ఆల్కహాల్ మంటను కప్పేస్తుంది, అంతే. స్పిరిట్ పీపా నుంచి ఆల్కహాల్ శాతం కాస్త పెరిగే అవకాశం కూడా ఉంది. సీసా మీద అంకె చూసి తాగండి.

అపోహ: మొదటి గుక్కతోనే తీర్పు చెప్పేయొచ్చు

బ్రెట్, కొన్ని లాక్టిక్ బ్యాక్టీరియా కలిసి పనిచేసే బీర్లలో ఒక దోషం ఉంది. దాన్ని ఎలుక వాసన అంటాం. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలియదు, నోట్లో ఉన్నంతసేపూ తెలియదు. మింగాక పది, పదిహేను సెకన్లకు నాలుక వెనక నిలవ ఉన్న పేలాల పొట్టులాంటి, ఎలుకల పంజరం లాంటి రుచి లేస్తుంది. బీరు పులుపులో ఆ పదార్థం ఆవిరి కాదు, లాలాజలం ఆ పులుపును తగ్గించగానే లేస్తుంది. కొందరి నోటికి అది అసలు తెలియదు కాబట్టి మా బల్ల దగ్గర ఎప్పుడూ ముగ్గురికి తక్కువ కాకుండా కూర్చుంటాం. మింగి, గ్లాసు దించి, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టి అప్పుడు మాట్లాడుకుంటాం.

కోన్యాక్ పీపా నుంచి సీసాలకెత్తిన ఒక బీరులో మూడో వారానికి ఈ రుచి వచ్చింది. సీసాలో నింపేటప్పుడు తగిలిన గాలి దాన్ని లేపింది. బ్రెట్ బతికి ఉన్నంతకాలం ఆశ ఉంటుంది కాబట్టి పారబోయలేదు. చీకటి గదిలో పెట్టి నెలకో సీసా తీశాం. రెండో నెలలో అలాగే ఉంది. మూడో నెలలో ఇరవైకి బదులు ముప్పై దాకా లెక్కపెడితే గానీ రాలేదు. ఐదో నెలలో నలభై దాకా లెక్కపెట్టి ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నాలుక మీద మిగిలింది ఎండుద్రాక్ష, తడి ఓక్, కొంచెం నిమ్మ తొక్క.