విదేశాల్లో సహాయక పనికి వెళ్లాలనుకునే శ్రీకాకుళం, విజయనగరం యువతకు: అపోహలు – వాస్తవాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న తిత్లీ. ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసగా నేలకొరిగిన ఆ రోజుల్లో బడి పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు నర్సింగ్, డిప్లొమా, డిగ్రీ పూర్తిచేసి బయటికొస్తున్నారు. వాళ్లలో కొందరికి శరణార్థి శిబిరాల్లో, కరువు ప్రాంతాల్లో పనిచేయాలని ఉంది. ఆ కోరిక మంచిదే. కానీ ఊళ్లో వినపడే మాటలు నమ్మి బయలుదేరితే డబ్బు పోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. అందుకే తరచూ వినపడే మాటల్ని ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాం.

అపోహ: "ఫారిన్ ఎలితే బోల్డు జీతాలంట గదా!"

వాస్తవం: వాలంటీర్ అనగానే మన జిల్లాల్లో 50 ఇళ్ల బాధ్యత చూసిన గ్రామ వాలంటీరే గుర్తొస్తాడు. ఇది వేరు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ జర్మనీలోని బాన్ కేంద్రంగా పనిచేస్తుంది. అక్కడ ఇచ్చేది జీతం కాదు, ఆ దేశంలో అద్దె, తిండి గడవడానికి నెలనెలా జీవన భత్యం. దానితోపాటు ప్రయాణ ఖర్చు, ఆరోగ్య బీమా ఉంటాయి. ఇంటి అప్పు తీర్చడానికి ఈ దారి పనికిరాదు. ఆ మాట అమ్మానాన్నలతో ముందే చెప్పండి, లేకపోతే మూడో నెలలో ఫోన్లో గొడవ మొదలవుతుంది.

యూత్ వాలంటీర్ స్థానాలకు వయసు 18 నుంచి 26. 27 నిండితే స్పెషలిస్ట్ స్థానాలు, వాటికి కనీసం 3 ఏళ్ల అనుభవం కావాలి. విదేశీ యూత్ స్థానాల్లో చాలావాటికి ఏదో ఒక దేశ ప్రభుత్వం డబ్బు పెట్టి తన పౌరులనే పంపుతుంది. కాబట్టి మనవాళ్లకు దారి ఎక్కువగా భారత్‌లోని స్థానాల నుంచో, అనుభవం సంపాదించాక స్పెషలిస్ట్ స్థానాల నుంచో మొదలవుతుంది.

అపోహ: "ఏజెంటుకి రెండు లచ్చలు కట్టీస్తే పంపించేస్తాడంట."

వాస్తవం: పేరున్న సహాయక సంస్థ ఏదీ ఎంపికకు డబ్బు అడగదు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల నమోదు పూర్తిగా ఉచితం, ఎవరికి వాళ్లే చేసుకోవాలి. "ప్రాసెసింగ్ ఫీజు", "సెక్యూరిటీ డిపాజిట్" అన్న మాట వచ్చిందంటే అక్కడితో ఆపేయండి. జీతమిచ్చే ఉద్యోగాలకు విదేశాలకు పంపే రిజిస్టర్డ్ ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి సేవా రుసుము తీసుకోకూడదు. అతని లైసెన్సు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్లో కనిపించాలి. 2024లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని కంబోడియా వెళ్లిన మన ఉత్తరాంధ్ర పిల్లలు సైబర్ మోసాల ముఠాల చేతికి చిక్కిన సంగతి విశాఖ పోలీసులు బయటపెట్టారు. అలాంటి ముఠా రేపు "సేవా కార్యక్రమం" అన్న బోర్డు పెట్టుకోవడం ఏమంత కష్టం కాదు.

అపోహ: "మనసుంటే చాలు. పనిదేముంది, అక్కడికెళ్లాక నేర్చుకోవచ్చు."

వాస్తవం: మాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించే మాట ఇదే. సహాయక పనికి కొలతలున్నాయి. ప్రపంచవ్యాప్తంగా వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, తలదాచుకోవడానికి 3.5 చదరపు మీటర్ల చోటు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, 250 మందికి ఒక కుళాయి కావాలి. నీళ్ల కోసం 500 మీటర్లు మించి నడవకూడదు, అరగంట మించి వరసలో నిలబడకూడదు. 11,000 లీటర్ల ట్యాంకు ఒకసారి నింపితే 733 మందికి ఒక రోజుకి సరిపోతుంది. అంతమందికి కనీసం 3 కుళాయిలు. ఈ లెక్క నోటికి రానివాళ్లు శిబిరంలో ఎంత మంచి మనసుతో తిరిగినా వరసలో తోపులాట ఆగదు.

క్లోరిన్ సంగతే చూడండి. వరదొచ్చాక నూతిలో బ్లీచింగ్ పౌడర్ డబ్బాతో గుమ్మరించడం మన ఊళ్లలో అందరూ చూసిందే. అది తప్పు పద్ధతి. పొడిలోని సున్నం అడుక్కి చేరుతుంది, మందు నీళ్లంతటా కలవదు. సరైన పని ఇలా ఉంటుంది:

ముందు ఒక శాతం ద్రావణం చేసుకోవాలి. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే 33 గ్రాములు, 70 శాతం ఉన్న హెచ్‌టీహెచ్ (ఘాటైన క్లోరిన్ పొడి) అయితే 15 గ్రాములు, లీటరు నీటికి. మొదట కొద్దినీళ్లతో ముద్దలా కలిపి, మిగతా నీళ్లు పోసి, సున్నం పేరుకున్నాక పైతేటను మాత్రమే ప్లాస్టిక్ సీసాలోకి వంచుకోవాలి. లోహపు గిన్నె వాడకూడదు. గాలి ఆడే చోట, చేతులకు గ్లౌజులతో చేయాలి.

తర్వాత 20 లీటర్ల బకెట్లు నాలుగు పెట్టి, శుద్ధి చేయాల్సిన నీళ్లతోనే నింపాలి. సిరంజితో వరసగా 1, 1.5, 2, 2.5 మిల్లీలీటర్ల ద్రావణం వేసి కలిపి, గడియారం చూసి 30 నిమిషాలు ఆగాలి. అప్పుడు ఒక్కో బకెట్లో మిగిలిన క్లోరిన్ కొలవాలి. లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య వచ్చిన బకెట్టే మన మోతాదు. అది 2 మిల్లీలీటర్ల బకెట్ అయితే 11,000 లీటర్ల ట్యాంకుకి 1.1 లీటర్లు వేయాలి.

ఇందులో తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: నీళ్లు బురదగా ఉంటే ఆ మురికే క్లోరిన్‌ని తినేస్తుంది, కాబట్టి ముందు తేర్చాలి. తెరిచి ఉంచిన పౌడర్ సంచి చెమ్మకు సత్తువ పోగొట్టుకుంటుంది, అప్పుడు 33 గ్రాముల లెక్క పనిచేయదు. క్లోరిన్ కొలవడానికి మన పంచాయతీల్లో వాడే పాత క్లోరోస్కోప్‌లో నీళ్లు పసుపు రంగుకు మారతాయి, శిబిరాల్లో వాడే డీపీడీ బిళ్లతో గులాబీ రంగు వస్తుంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి వెలిసిపోతుంది. కొత్తవాళ్లు అది చూసి క్లోరిన్ లేదనుకుని ఇంకా పోస్తారు. అనుమానం వస్తే అదే నీటికి క్లోరిన్ లేని శుభ్రమైన నీళ్లు కలిపి పల్చన చేసి మళ్లీ కొలవాలి.

ఈ పని నేర్చుకోవడానికి దేశం దాటక్కర్లేదు. వంశధార, నాగావళి వరదలప్పుడు గ్రామీణ నీటి సరఫరా సిబ్బంది వెంట నాలుగు రోజులు తిరిగి చేతులతో చేయండి. జిల్లా రెడ్‌క్రాస్ శాఖలో ప్రథమ చికిత్స, వీలైతే విపత్తు వాలంటీర్లకు ప్రభుత్వం ఇచ్చే ఆపద మిత్ర శిక్షణ తీసుకోండి. స్ఫియర్ ప్రమాణాల పాఠాలు, ఐక్యరాజ్యసమితి భద్రతా కోర్సు బీసేఫ్ ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతాయి. దరఖాస్తులో "సేవాభావం ఉంది" అన్న వాక్యం కంటే "ఎన్ని బకెట్లకు పరీక్ష చేశాను, ఎన్ని ఇళ్లకు నీళ్లు అందాయి" అన్న వాక్యానికి విలువ ఎక్కువ.

అపోహ: "డాక్టర్లకీ నర్సులకే అక్కడ పని."

వాస్తవం: గోడౌన్లు, బండ్లు, లెక్కలు, పంపులు, జనరేటర్లు లేకుండా డాక్టరు చేతికి మందు రాదు. బీకాం చదివినవాళ్లకి, మెకానికల్ డిప్లొమా వాళ్లకి చోటుంది. మందుల గోడౌన్లో పెట్టెలు నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తున చెక్కల మీద, గోడకు 30 సెంటీమీటర్ల దూరంలో, 2.5 మీటర్లకు మించకుండా పేర్చాలి. ముందు గడువు తీరేది ముందు బయటికి పోవాలి. ప్రతి వరసకీ స్టాక్ కార్డు, ప్రతి కదలికకీ సంతకం. మన రైస్ మిల్లులోనో, రేషన్ గోడౌన్లోనో ఏడాది నిజాయతీగా స్టాక్ చూసినవాళ్లకు ఈ పనిలో సగం వచ్చినట్టే.

అపోహ: "రెండు నెలలు అనాథాశ్రమంలో పిల్లలతో ఉండొస్తే పుణ్యం."

వాస్తవం: వద్దు. నేపాల్, కంబోడియా లాంటి చోట్ల అలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. వచ్చే విదేశీ వాలంటీర్లు, వాళ్లిచ్చే డబ్బు కోసం పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి పెట్టే వ్యాపారం ఒకటి నడుస్తోంది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఈ సమస్యను గుర్తించింది. రెండు నెలలకోసారి కొత్త అక్క, కొత్త అన్న వచ్చి ప్రేమ చూపి వెళ్లిపోతుంటే ఆ పిల్ల మనసు ఏమవుతుందో ఆలోచించండి.

అపోహ: "ఇంగ్లిష్ వస్తే ఎక్కడైనా నెగ్గుకురావచ్చు."

వాస్తవం: పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో చాలాచోట్ల ఫ్రెంచ్ కావాలి. ఇచ్ఛాపురంలో ఒడియా, సీతంపేట వైపు సవర చెవిన పడుతూ పెరిగినవాళ్లకు భాష నేర్చుకునే చెవి ఉంటుంది, వాడుకోండి. దుబాసీ (మన మాటను వాళ్ల భాషలో చెప్పే మనిషి) సాయంతో మాట్లాడేటప్పుడు చూపు దుబాసీ మీద కాదు, ఎదుటి మనిషి మీద ఉండాలి. రెండు వాక్యాలు చెప్పి ఆగాలి.

అపోహ: "పాస్‌పోర్ట్ ఉంది గదా, ఇంకేటి."

వాస్తవం: మన దగ్గర తగువంతా ఇంటిపేరుతోనే. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ. నేపథ్య తనిఖీ, వీసా అక్కడే ఆగిపోతాయి. దరఖాస్తుకు ముందే అన్నిటినీ ఒకే అక్షరక్రమానికి తెచ్చుకోండి. ప్రయాణ తేదీకి పాస్‌పోర్ట్ గడువు కనీసం 6 నెలలు మిగిలి ఉండాలి. టెన్త్ పాసైనవాళ్లలో నర్సులు తప్ప మిగతావాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశాల్లో పనికి వెళ్లేందుకు మన ప్రభుత్వ అనుమతి) అక్కర్లేదు. పాస్ కానివాళ్లు, నర్సులు సూడాన్, యెమెన్, ఇరాక్, లెబనాన్ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే అది తప్పనిసరి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి వాలంటీర్‌గా పనిచేయమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. థాయ్‌లాండ్‌లో జీతం లేని సేవకు కూడా వర్క్ పర్మిట్ కావాలి.

అపోహ: "ఆడపిల్లని అలాంటి చోటికి ఎలా పంపుతాం?"

వాస్తవం: ఆడవాళ్ల సిబ్బంది లేని శిబిరంలో ఆడవాళ్ల కష్టం బయటికే రాదు. మరుగుదొడ్డికి లోపలి గడియ లేదని, దారిలో దీపం లేదని వాళ్లు మగవాళ్లతో చెప్పరు. ఇక ప్రమాదమంటారా, బాంబుల కంటే ముందు రోడ్డు గురించి ఆలోచించాలి. సీటు బెల్టు, చీకటి పడ్డాక ప్రయాణం లేకపోవడం, కర్ఫ్యూ వేళ, వాకీటాకీలో గంటగంటకీ ఉనికి చెప్పడం, ఇవి పాటించని సంస్థలో చేరవద్దు. సహాయక సిబ్బందిపై దాడుల్లో ఎక్కువగా చనిపోయేది ఆ దేశపు సొంత ఉద్యోగులే, వాళ్లు చెప్పిన జాగ్రత్త వినాలి.

ఇంట్లో ఒక కాగితం వదిలి వెళ్లండి: పాస్‌పోర్ట్ నకలు, బీమా నంబరు, సంస్థ అత్యవసర ఫోను, అక్కడి భారత రాయబార కార్యాలయం ఫోను. ఫోన్ చేసే వేళ కూడా రాయండి. నైరోబీ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆ వేళ దాటిన ఎన్ని గంటలకు అమ్మ కంగారు పడాలో, ఎవరికి ఫోన్ చేయాలో అందులోనే ఉండాలి.

అపోహ: "మనకి మలేరియా అలవాటే, ఏటవ్వదు."

వాస్తవం: చిన్నప్పుడు జ్వరం వచ్చి తగ్గితే వచ్చే రక్షణ కొంతే, అదీ కాలంతో పోతుంది. డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే వెళ్లేందుకు ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్నాళ్లూ, తిరిగొచ్చాక మరో 4 వారాలూ రోజూ వేసుకోవాలి. ఇంటికొచ్చాం గదా అని మానేయడమే ఎక్కువమంది చేసే తప్పు. ఎల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు పుస్తకం వేసిన 10 రోజులకు గాని చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా ఆ వ్యాధి ఉన్న దేశం నుంచి వస్తే విమానాశ్రయం నుంచే 6 రోజుల వరకు క్వారంటైన్‌కి పంపుతారు. వచ్చిన ఏడాది లోపు జ్వరం తగిలితే, పెద్దాసుపత్రిలో మొదటి మాటగా ఏ దేశంలో, ఏ తేదీ వరకు ఉన్నారో చెప్పి, మలేరియా రక్త పరీక్ష ఆ రోజే చేయమని అడగండి.